దెప్పే కట్టు

తవిటమ్మ ఆవలింత పూర్తి కాకముందే ఆమె మణికట్టు మాట్లాడింది.

"శుభోదయం. ఈ కట్టు ఎల్మేరియా దేశ ప్రజలు మీకిచ్చిన కానుక. మీ రక్తం శుభ్రంగా ఉంది."

గొంతు ఆమె కూతురు హైమది. ఆ దేశం వాళ్ళు పలాసలో ల్యాబు పెట్టినప్పుడు తెలుగు చక్కగా పలికే మనిషి కావాలన్నారు. హైమ అక్కడే ఉద్యోగి. గాజు గదిలో కూచుని చదివేసింది. ఇప్పుడు ఉద్దానంలో కట్టు ఉన్న ప్రతి చేతి మీదా ఆ గొంతే.

"తెలిసిందే గుంటా! నిన్నా సెప్పినావు, మొన్నా సెప్పినావు. ఎన్నిసార్లు సెప్తావే?" అని తవిటమ్మ కట్టు మీద చెంగు కప్పింది.

కప్పినా దాని పని అది చేసుకుపోతుంది. కట్టు అడుగున వెంట్రుక కన్నా సన్నని సూదులుంటాయి. రక్తం వాటిలోంచి పైకెక్కి, బొట్టుబిళ్ళంత గుళికలో పెంచిన కిడ్నీ కణాల మధ్య తిరిగి, శుభ్రపడి వెనక్కొస్తుంది. గుళిక వారానికోసారి మార్చాలి. గుళిక ఎల్మేరియాలోనే తయారవుతుంది. ఇంకోచోట చెయ్యనివ్వరు. అది రావడం ఆగితే తవిటమ్మ మళ్ళీ ఆసుపత్రి మిషను పక్కన మంచం కోసం వరసలో నిలబడాలి. ఆమె మొగుడు ఆ వరసలోనే పోయాడు.

ఊళ్ళో వాళ్ళకి ఎల్మేరియా నోరు తిరగదు. ఎల్లమారి అంటారు. ఎల్లమారి దేశం, ఎల్లమారోళ్ళు. మొదట్లో ఆ పేరు చెప్పుకుని కొబ్బరికాయలు కొట్టిన వాళ్ళున్నారు. నవ్వకండి. మంచం మీద నుంచి లేచి తోటకెళ్ళిన మనిషి కొట్టకేం చేస్తాడు?

కట్టు చేసే రెండో పని సంగతి మాత్రం ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు.

*

ఎల్మేరియాలో పన్ను కట్టే జనం తమ పార్లమెంటుని ఒక ప్రశ్న అడిగారు. ఇంత ఇస్తున్నాం, వాళ్ళు మన గురించి ఏమనుకుంటున్నారు? సర్వేలు చేయించారు. ఇక్కడ అందరూ వాళ్ళని దేవుళ్ళన్నారు. మందు చేతిలో పెట్టినవాణ్ణి ఎవరు మొహాన తిడతారు? పార్లమెంటు నమ్మలేదు.

అప్పుడు ఆ దేశపు శాస్త్రవేత్త రోవన్ ఒక సంగతి కనిపెట్టాడు. కట్టు ఎలాగూ రక్తంలోనే ఉంది. చెవిన ఒక పేరు పడగానే రక్తం మారుతుంది. గుండె దూకుతుంది, చర్మం వేడెక్కుతుంది, ఉప్పూ చక్కెరా కదులుతాయి. ఆ పేరంటే మంట ఉంటే ఒకలా, చల్లగా ఉంటే ఇంకోలా. నోరు అబద్ధమాడొచ్చు, రక్తం ఆడదు. పొద్దున్నే కట్టు ఎల్మేరియా పేరు పలికేది అందుకే. పలికిన మరుక్షణం కట్టు రక్తాన్ని తూస్తుంది. ఊరందరి తూకం కలిపి ఒక అంకె చేస్తారు. దాని పేరు అభిమాన అంకె. అంకె బాగుంటే గుళికలు వస్తాయి.

మన నీళ్ళు ఎందుకు చెడ్డాయో తేల్చే సూది మాత్రం ఎవడూ కనిపెట్టలేదు. దానికి డబ్బిచ్చే పార్లమెంటు లేదు, మనది కూడా ఇవ్వలేదు.

మొదటి నెలల్లో అంకె బాగుంది. తరవాత దిగడం మొదలెట్టింది.

"మరిచిపోతున్నారు," అన్నాడు రోవన్ పలాస ల్యాబులో తెర చూస్తూ. పొడుగాటి మనిషి, ఎండకి మెడంతా కందిపోయి ఉంటుంది. చెడ్డవాడు కాదు, ముందే చెప్తున్నాను. "ఎవరిచ్చారో మరిచిపోతున్నారు హైమా. రోజుకి మూడుసార్లు చెప్పిద్దాం."

హైమ మళ్ళీ గాజు గదిలోకెళ్ళి మధ్యాహ్నానికొకటీ, సాయంత్రానికొకటీ చదివింది. ఈసారి గొంతులో ఇంకొంచెం తీపి కలిపింది.

అంకె బావిలో చేదలా పడిపోయింది.

*

ఆదివారం హైమ ఊరికెళ్ళింది. టీ దుకాణం ముందు ఆటో ఆపుకుని బైరాగి కూచున్నాడు. వరసకి మావయ్య. అతనికీ కట్టుంది. కట్టు మీద పాత మేజోడు తొడిగాడు.

"అదేంటి మావయ్యా, చేతికి మేజోడు?"

"నీ నోరు ముయ్యడానికమ్మా," అన్నాడు బైరాగి. బల్ల మీదున్న వాళ్ళంతా గొల్లుమన్నారు. "నిన్న ఆటోలో పెళ్ళోరు ఎక్కినారు. పెద్దపెద్దోళ్ళు. సరిగ్గా అప్పుడే నువ్వు లెగిసినావు. ఇది కానుక, ఆలిచ్చినారు, ఈలిచ్చినారు అని. ఆళ్ళందరూ నా సెయ్యి కేసి సూసీసినారు. నానేటి, అడుక్కున్నోడినా?"

టీ కొట్టువాడు గ్లాసు అందిస్తూ అన్నాడు: "ఇదిగో బైరాగీ, టీ. ఇచ్చింది నానే, గేపకం ఎట్టుకో."

మళ్ళీ నవ్వులు. బైరాగి కూడా నవ్వాడు. కానీ చెవుల దాకా ఎర్రబడ్డాడు. హైమ ఆ ఎరుపు చూసింది. ల్యాబులో తెర మీద కనపడేది అదే ఎరుపు.

ఇంట్లో తవిటమ్మ జీడిపప్పు ఏరుతోంది. ముప్ఫై ఏళ్ళు జీడి కార్ఖానాలో పొట్టు తీసిన చేతులు. జీడి నూనె తిన్న వేళ్ళు, కొసలు నల్లగా మొద్దుబారి ఉంటాయి.

"అమ్మా, నీకు వాళ్ళ మీద కోపమా?"

"ఎవులి మీద?"

"ఎల్మేరియా వాళ్ళ మీద."

"ఓలమ్మ! నా పేణం నిలబెట్టినోళ్ళ మీద కోపమేటే? నాను మనిసిని కానేటి?" తవిటమ్మ కాసేపు పప్పు ఏరుకుంది. తరవాత తనే అంది. "మీ మేనత్త నా పెళ్ళికి సీరెట్టింది, ఎరుగుదువా? మంచి సీరే. కనపడినప్పుడల్లా, నానెట్టిన సీరేదే వదినా అనీది. నలుగురిలో అనీది. ఆ సీర నాను కట్టనేను, పారీనేను. పెట్టి అడుగున సచ్చిన పాములాగ ఉండీది. దెప్పు, అమ్మా. ఇచ్చి దెప్పితే అది ఇచ్చినట్టా? ఆళ్ళు మంచోళ్ళే. మరెందుకు దెప్పుతారో నాకు బోధపడదు. అదీ నా కూతురి నోట."

హైమ తల దించుకుని తల్లితో పాటు పప్పు ఏరింది.

*

సోమవారం ఆమె రోవన్‌కి దెప్పడం అన్న మాట చెప్పింది. అతను ఫోనులో నిఘంటువు వెతికాడు.

"గుర్తు చెయ్యడం అనుంది. గుర్తు చేస్తే తప్పేముంది?"

"ఇచ్చినవాడు చెయ్యకూడదు. పుచ్చుకున్నవాడు చెప్పుకోవాలి. ఇచ్చినవాడే నోరు విప్పాడంటే ఇచ్చింది కాస్తా చెంపదెబ్బ అయిపోతుంది. మీ తెర మీద కనపడేది ద్వేషం కాదు. సిగ్గు."

రోవన్ తెర వైపు తిరిగాడు. "రెండింటికీ మొహం వేడెక్కుతుంది. రెండింటికీ గుండె దూకుతుంది. నా పరికరంలో సిగ్గుకి చోటు లేదు."

"అయితే ఆ వాక్యం తీసెయ్యండి."

"తీసేస్తే పేరు చెవిన పడదు. పేరు పడకపోతే తూకం లేదు. తూకం లేకపోతే పార్లమెంటు గుళికలు పంపదు." అతని గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "మరి ఆ సిగ్గు పోయేదెలా?"

హైమకి చెప్పడానికి నామోషీగానే అనిపించింది. ఇంట్లో సంగతి. అయినా చెప్పింది. "మా పక్కింటి వాళ్ళు గిన్నెలో కూర పంపిస్తే, గిన్నె కడిగి ఖాళీగా తిరిగివ్వం. ఏదో ఒకటి వేసిస్తాం. ఏమీ లేకపోతే బెల్లం ముక్క. అప్పుడు ఇద్దరూ సమానం. మీరు గిన్నెలు పంపుతూనే ఉన్నారు. తిరిగి తీసుకోవడం లేదు."

ఆ వారమే రోవన్ ఆమెతో ఊరికొచ్చాడు. రోగులున్న ఊళ్ళో ఏదీ తినకూడదని వాళ్ళ సిబ్బందికి నిబంధన. తవిటమ్మ స్టీలు గిన్నెలో జీడిపప్పు తెచ్చింది. ఒక్క బద్ద లేదు, అన్నీ విరగని గుండు పప్పు. ఆమె తన ఇంట్లో ఎప్పుడూ విరిగినవే తింది. రోవన్ హైమ వైపు చూశాడు, గిన్నె వైపు చూశాడు, రెండు పప్పులు నోట్లో వేసుకుని దవడన పెట్టుకున్నాడు.

"నమలమను," అంది తవిటమ్మ. "మాత్తరనుకున్నాడేటి!"

అతను నమిలాడు. ఇంకో గుప్పెడు తీసుకున్నాడు. వాకిట్లో చేరిన వాళ్ళంతా, ఊరికి వాన పడ్డట్టు, హాయిగా నవ్వారు. బైరాగి మేజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు ఆ వీధి అంకె పైకి లేచింది.

*

ఇక్కడితో ఆగితే ఎంత బాగుండేది! ఆగనివ్వరు. ఏదన్నా పని చేసిందంటే దానికి పథకం పేరు పెడతారు.

పేరు మారుకానుక. వారానికోసారి వ్యాను వస్తుంది. గుళిక ఇస్తుంది, మీరిచ్చేది సంచిలో వేసుకుంటుంది. ఎల్మేరియా నుంచి ఉత్తర్వు. హైమ మళ్ళీ గాజు గదిలోకెళ్ళి, ఎల్మేరియా పేరు ఉంచి, కానుక మాట బదులు ఇది చదివింది. "మీరు పంపింది అందింది. మాకు చాలా నచ్చింది."

ఊరికి పిచ్చెత్తింది. పనస తొనల చిప్స్, అప్పడాలు, కొబ్బరి లౌజు. ఒక ముసలాయన తన ఒక్క కోడిపెట్టనీ పంపబోతే వ్యానువాడు దండం పెట్టాడు. బైరాగి పెళ్ళాం, తవిటమ్మ పోటీలు పడ్డారు. తవిటమ్మ పాత చీర చెంగు చింపి, అందులో పప్పు పోసి మూట కట్టేది. ప్లాస్టిక్ సంచిలో ఇస్తే కొట్లో సరుకులా ఉంటుందని ఆమె బాధ. కట్టు మాట్లాడితే ఇప్పుడు చెంగు కప్పడం లేదు. వీధిలోకి వినపడేలా చెయ్యెత్తి పట్టుకుంటోంది.

ఒకరోజు మధ్యాహ్నం ల్యాబు వెనక హైమకి పనస పండిన వాసన కొట్టింది. అటువైపు ఎవరూ వెళ్ళరు. జనరేటరు, దాని వెనక గొయ్యి. గోతి నిండా సంచులు. సంచుల మీద సున్నం. అప్పడాలు తడిసి ముద్దయ్యాయి, కొబ్బరి లౌజుకి చీమలు పట్టాయి. చీర చెంగుల మూటలు, విప్పను కూడా లేదు, వేసినవి వేసినట్టు ఉన్నాయి. నీలం చీర. ఆ చీర కట్టుకునే తవిటమ్మ హైమని కాలేజీలో చేర్పించడానికొచ్చింది.

ఆమె రోవన్ గదికెళ్ళింది. అతను ఆమె మొహం చూడగానే లేచి నిలబడ్డాడు.

"మా చట్టం. వ్యాధి ఉన్న ప్రాంతపు తిండి మా దేశం తీసుకోదు, సిబ్బంది తినకూడదు. నేను వాదించాను. తినడం ముఖ్యం కాదు, వాళ్ళు ఇచ్చాం అనుకోవడం ముఖ్యం అన్నారు."

"మరి నచ్చిందని నాచేత ఎందుకు చెప్పించారు?"

హైమ ఉద్యోగం మానలేదు. గొయ్యి సంగతి ఊళ్ళో పొక్కితే అంకె ఏమవుతుందో ఆమెకి తెలుసు. అంకె పోతే గుళికలు పోతాయి, అమ్మ పోతుంది. లెక్క అంతే. ఈ లెక్కలో తప్పు పట్టేవాళ్ళు ముందు తమ అమ్మ చేతికి ఆ కట్టు కట్టి చూడండి.

ఆదివారం తవిటమ్మ అడిగింది. "ఏటి బాగా నచ్చినాదట ఆళ్ళకి? పప్పా, అప్పడాలా?"

"పప్పు, అమ్మా."

"మరి! గుండు పప్పు కదేటి. ఆళ్ళకి బద్దలెడతానా?" తవిటమ్మ మురిసిపోయింది. కూతురి గడ్డం పట్టుకుని ఊపింది.

*

పనస కాపు బాగా దిగిన రోజుల్లో తవిటమ్మకి ఒక పండు చిక్కింది. వ్యాను సంచిలో పట్టదు. చిన్నపిల్లంత ఉంది. బైరాగి ఆటోలో పెట్టుకుని తనే పలాస బయలుదేరింది. ల్యాబు గేటు దగ్గర కాపలావాడు భోజనానికెళ్ళాడు. కూతుర్ని పిలుద్దామని ఇద్దరూ పక్కనుంచి వెనక్కి వెళ్ళారు.

హైమ కిటికీలోంచి చూసింది. గొయ్యి అంచున తల్లి నిలబడి ఉంది. పక్కన బైరాగి పనసపండు భుజాన మోస్తూ. హైమ పరుగెత్తింది. చెప్పులు కూడా వేసుకోలేదు.

తవిటమ్మ గోతిలోకి వంగి ఒక మూట తీసింది. ముడి విప్పింది. పప్పు బూజు పట్టి ఆకుపచ్చగా ఉంది. మళ్ళీ ముడి వేసింది. తన చేత్తో ఎలా వేస్తుందో అలాగే, రెండు మెలికలు తిప్పి.

"అమ్మా..."

"నువ్వు ఎరుగుదువా?" అని అడిగింది తవిటమ్మ. అరవలేదు.

హైమ నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే తవిటమ్మ చేతి మీద కట్టు మధ్యాహ్నపు మాట పలికింది. "మీరు పంపింది అందింది. మాకు చాలా నచ్చింది."

ఎదురుగా కూతురు నోరు తెరుచుకుని ఉంది. గొంతు చేతిలోంచి వస్తోంది.

బైరాగి పనసపండుని గోతిలోకి దొర్లించాడు. "ఎలాగూ ఇక్కడికే కదేటి," అన్నాడు. "వ్యానుకి మోత కలిసొచ్చింది. పద అక్కా."

*

హైమ మర్నాడు తెర ముందు కూచుంది. అంకె పడిపోవడం చూడాలని కూచుంది. అది శిక్ష అనుకుంది.

అంకె పడలేదు. లేచింది. వారం తిరిగేసరికి గోతి కబురు ఊరూరూ పాకింది. అంకె ఇంకా లేచింది. రోవన్ పరికరం పుట్టాక అంత అంకె ఏ దేశంలోనూ రాలేదు. గీతలన్నీ చదునుగా, చల్లగా. ఎల్మేరియా అన్న పేరు చెవిన పడితే ఒక్క గుండె దూకడం లేదు, ఒక్క మొహం వేడెక్కడం లేదు. వ్యాను వస్తే గుళిక తీసుకుంటున్నారు. సంచిలో ఇన్ని కొబ్బరి పీచులో, ఎండుటాకులో పడేస్తున్నారు. నచ్చిందని కట్టు చెప్తోంది. వింటున్నారు.

హైమ ఉండబట్టలేక ఒక పని చేసింది. ఊరి కట్లకి ఎల్మేరియా బదులు వేరే మాటలు పంపింది. తారు రోడ్డు. చదును. నిమ్మకాయ. చదును. ఏళ్ళ తరబడి రక్షిత నీళ్ళిస్తామన్న మన సర్కారు పేరు పంపింది. అదే చదును, అదే చల్లదనం, అచ్చం అదే అంకె. పరికరం లెక్క ప్రకారం ఉద్దానం తన సర్కారుని కూడా ప్రాణంగా ప్రేమిస్తోంది.

తల్లి కట్టుకి తన పేరు పంపుదామని మీట దాకా వేలు తీసుకెళ్ళింది. తీసేసింది.

ఆ గీతలు తీసుకెళ్ళి రోవన్ ముందు పెట్టింది. "ఇది అభిమానం కాదు. మీరంటే ఇప్పుడు వాళ్ళకి ఏమీ లేదు. ఏమీ లేకపోవడాన్ని మీ పరికరం ప్రేమ అంటోంది."

అతను గీతలన్నీ చూశాడు. చూస్తుండగానే కందిన మెడ ఇంకా కందింది. అతని చేతికి కట్టు లేదు కాబట్టి ఆ ఎరుపుకి అంకె లేదు. "సిగ్గుపడినంత కాలం మేమంటే గౌరవం ఉండేది," అన్నాడు మెల్లగా. "ఇది నేను రాస్తాను. కానీ రాస్తే పరికరం తప్పంటారు. పథకం ఆపేస్తారు. గుళికలు ఆగిపోతాయి. నువ్వు చెప్పు. రాయనా?"

తన పాపం ఆమె చేతిలో పెట్టాడు. అదీ సాయమే కాబోలు.

"రాయకండి," అంది హైమ.

*

ఆ అంకె చూసి ఎల్మేరియా పార్లమెంటు పదేళ్ళకి గుళికలు మంజూరు చేసింది. పలాసలో సభ పెట్టారు. ఆ దేశం నుంచి సభ్యులొచ్చారు. మనవాళ్ళు శాలువాలు కప్పారు. ఇంత అభిమానం చూపించే ప్రజలు ప్రపంచంలో లేరని ఒకాయన అంటే హైమ అది తెలుగులో చెప్పింది. తరవాత రోగుల తరఫున తవిటమ్మని మైకు దగ్గరికి పిలిచారు.

తవిటమ్మ చెంగు సర్దుకుంది. చేతులు జోడించింది. "ధన్యవాదాలండి," అంది. రైలు స్టేషన్లో వినపడే ఆడగొంతులా, ఒక్క అక్షరం చెదరకుండా.

సభ చప్పట్లు కొట్టింది. ఆ తెల్లవాళ్ళకి తెలీదు. మన ఊళ్ళల్లో ఆ మాట మైకుకి చెప్తాం, బస్సులో చోటిచ్చిన కొత్తమనిషికి చెప్తాం. ఇంట్లో మనిషికి చెప్పం. చెప్తే, నన్ను పరాయిదాన్ని చేశావా అని అలుగుతారు.

సాయంత్రం హైమ తల్లితో ఇంటికెళ్ళింది. దారంతా తవిటమ్మ మామూలుగానే మాట్లాడింది. ఎండ గురించి, బైరాగి ఆటో చప్పుడు గురించి. హైమ వంట చేసింది. ఉప్పు తగ్గించి, పప్పు పలచగా, డాక్టరు చెప్పినట్టు. పీట వేసి, కంచం పెట్టి, వేడి అన్నం వడ్డించి, చెంబుతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది. ఏదన్నా అంటుందేమో, తిడుతుందేమో, పోనీ కొడుతుందేమో అని ఎదురుగా కూచుంది.

తవిటమ్మ నెమ్మదిగా తింది. కంచంలో మెతుకు మిగల్చలేదు. చెంబు అందుకుని నీళ్ళు తాగింది. చెంబు కింద పెట్టి కూతురి మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు.

"ధన్యవాదాలండి," అంది.